గాలి వచ్చిన దారి

ఏమండీ, మీకు నా నమస్కారాలు.

మీ ఉత్తరాలకు ఇన్నాళ్లూ ఫోన్లోనే జవాబు చెప్పాను. ఈసారి అలా కుదరదు. మాట మధ్యలో మీకు దగ్గు వస్తుంది, చెప్పాల్సింది అక్కడే ఉండిపోతుంది. అందుకే కలం పట్టుకున్నాను. దేవుడి దయవల్ల నేనూ అమ్మాయీ బాగున్నాం. మీరూ బాగున్నారని రాశారు గానీ, ఆ ఒక్క మాటే నమ్మబుద్ధి కాలేదు.

"కొండ మీద మంచి గాలికి లావెక్కావా?" అని అడిగారు. ఇన్ని మెట్లెక్కి దిగేవాళ్లు ఎక్కడ లావెక్కుతారండీ? గాలి కూడా మనం అనుకున్నంత మంచిది కాదు. నేను పనిచేసే ఈ గాలి పరీక్షల కేంద్రంలో, గాలిని లాగే యంత్రంలో నేను మార్చే స్పాంజి ముక్కకు, గాలిలో కొట్టుకొచ్చిన రసాయనాలు అంటుకుంటాయి. ఇక్కడి సైంటిస్టు మేడం దాన్ని పరీక్ష చేయించి, ఆ రోజుల్లో గాలి ఏ దారిన వచ్చిందో కంప్యూటర్లో వెనక్కి గీస్తుంది. రంగుల్లో కలిపే మందు ఎక్కువ కనిపించిన ప్రతిసారీ, ఆ గీత రెండు కొండల వరుసలు దాటి మీ రంగుల ఫ్యాక్టరీ ఉన్న ఊరి మీదికే వెళ్లింది.

"ఇంత దూరానికే ఇంత వస్తే, అక్కడ ఇంకెంత ఉండాలి!" అని మేడం తల పట్టుకుంది. నాకు మాత్రం నవ్వొచ్చింది.

"ఏంటమ్మా, ఇందులో నవ్వేదేముంది?"

ఏం చెప్పను? మీకు దగ్గు మొదలైనప్పటి నుంచి పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని ఒక్కటే అడుగుతున్నాను. ఆయన చుట్టూ ఉన్న ఆ పాడు గాలిని ఇటు పంపెయ్యి స్వామీ, నేను పీల్చుకుంటాను అని. ఆ గీత చూసి నా మొర విన్నాడనుకున్నాను. నోరు ఊరుకోక అదే మేడంతో అనేశాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఇక్కడికి వచ్చినంత మాత్రాన అక్కడ తగ్గదమ్మా. ఆ పొగ ఆగనంత కాలం ఆయన పీల్చేది ఆయన పీలుస్తూనే ఉంటారు" అంది.

అప్పుడు ఏడ్చానండీ. కళ్లు తుడుచుకుని ఒక పని చేశాను, అది చెప్పడానికే ఇంతసేపూ తటపటాయిస్తున్నాను. ఇక్కడ ఈ యంత్రాల పంపుల మరమ్మతుకు మనిషి కావాలి. మిమ్మల్ని అడక్కుండానే మీ పేరు చెప్పేశాను. "వస్తారా?" అంటే "వస్తారు" అన్నాను. పెళ్లయ్యాక మీ తరఫున నేను మాటివ్వడం ఇదే మొదటిసారి. కోప్పడాలంటే ఇక్కడికొచ్చి కోప్పడండి.

గాలిని పంపమని దేవుణ్ణి అడగడం మానేశాను. ఇప్పుడు మిమ్మల్నే పంపమంటున్నాను.

ఈ కాగితాలు దాచుకోండి, ఎవరికీ చూపించకండి. మీ గదిలో వాళ్లు చదివితే, యాభై ఏళ్లొచ్చాక ఈవిడకిదేం పిచ్చి అని నవ్వుతారు.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తున్న
మీ ఇంటావిడ