అలుక్కుపోయిన సంతకం

లొరైన్, ఒహాయో
జూన్ 4, 1999

గౌరవనీయులైన గస్ బ్రాండ్‌మయర్ గారికి,

కిందటి నెల మీ బొమ్మ ఉన్న 1951 నాటి బేస్‌బాల్ కార్డొకటి, తిరుగు టపాకి స్టాంపులంటించిన కవరుతో సహా మీకు పంపాను. మీరు సంతకం చేసి తొమ్మిది రోజుల్లో తిప్పి పంపారు. అందుకు కృతజ్ఞతలు. ఇక అసలు సంగతి. ఆ సంతకం మీది కాదని నా అనుమానం.

నేను ముప్పై ఏళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. మాంసం కొట్లలో త్రాసు కింద అంటించిన అయస్కాంతాలూ, పెట్రోలు బంకుల్లో దొంగ మీటర్లూ ఎన్ని పట్టుకున్నానో నాకే గుర్తులేదు. "చర్చిలో చందా పళ్ళెం పట్టుకొచ్చినవాణ్ణి కూడా దొంగని చూసినట్టు చూస్తావేం?" అని మా ఆవిడ థెరీసా సాధిస్తుంటుంది. అనుమానం పెనుభూతం అంటారు గానీ, ముప్పై ఏళ్ళు నన్ను పోషించింది ఆ భూతమే.

ఆటగాళ్ళకి టపాలో కార్డులు పంపే మాలాంటి అభిమానులందరికీ ఒక సంగతి తెలుసు. కొందరు ఆటగాళ్ళు కవర్లు విప్పరు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని వాళ్ళ భార్యలే సంతకాలు గీకేసి పంపేస్తారు. మీ ఇంట్లో కూడా ఆ ఏర్పాటే ఉందేమోనని అడుగుతున్నాను.

నా ఆధారం ఇదీ. నా దగ్గర మీ సంతకం ఉన్న కార్డు ఇంకొకటుంది. 1951 సెప్టెంబరులో నాకు తొమ్మిదేళ్ళు. కీళ్ళజ్వరంతో నెలల తరబడి మంచం మీద ఉన్నాను. మా అన్నయ్య క్లెమ్‌కి అప్పుడు పద్దెనిమిది. వాడిది ఎడమచేతి వాటం. మీరూ ఎడమచేత్తో బంతి విసిరే పిచర్ కాబట్టి మీరంటే వాడికి ప్రాణం. ఒక ఆదివారం నా కార్డు జేబులో పెట్టుకుని బస్సెక్కి క్లీవ్‌లాండ్ మైదానానికి వెళ్ళాడు. ఆట అయ్యాక ఆటగాళ్ళ గేటు దగ్గర మూడు గంటలు నిలబడ్డాడు. ఇంటికొచ్చి, కార్డు నా దుప్పటి మీద పెట్టి, "ఒరే నార్బీ, గస్ నీ గురించి అడిగాడురా! 'మీ తమ్ముణ్ణి లేవమను. ఏప్రిల్లో మొదటి ఆటకి వాడు స్టాండ్సులో కనబడాలి. నేను చూస్తా' అన్నాడు" అన్నాడు. నేను లేచాను. ఏప్రిల్లో వెళ్ళాను. మీరు నా వైపు చూసి టోపీ ఎత్తారు.

ఆ కార్డు జిరాక్సు జతచేశాను, చూడండి. ఎడమచేత్తో రాసేవాడి అరచెయ్యి తడి సిరా మీదుగా జరుగుతుంది కాబట్టి అక్షరాలు అలుక్కుపోతాయి. పాత సంతకం అలాగే ఉంది, అక్షరాలు వెనక్కి వాలి ఉన్నాయి. మీరిప్పుడు పంపినదాంట్లో సిరా చెక్కుచెదరలేదు. అక్షరాలు ముందుకి వాలాయి. ఇది కుడిచేతివాళ్ళ పని. మీరేమంటారు?

సమాధానం కోసం చూస్తూ,
నార్బర్ట్ హ్లావటీ


డుబ్యూక్, అయోవా
జూన్ 15

ప్రియమైన హ్లావటీ గారికి,

మీ ఉత్తరం నా భార్య, మా వెర్నా, పైకి చదివింది. "ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారు, వంటింట్లో కొలత గిన్నెలు కడిగి పెట్టనా?" అని రెండు రోజులుగా ఒకటే నవ్వు.

నాకు డెబ్బై మూడేళ్ళు. వేళ్ళకి వాతం. నలభై ఎనిమిదేళ్ళలో మనిషే మారిపోతాడు, సంతకం మారదా? అంతకంటే ఇందులో ఏమీ లేదు.

మీరు పంపిన జిరాక్సు చాలాసేపు చూశాను. ఆ కార్డు జాగ్రత్తగా దాచుకోండి. ఆ సాయంత్రం గేటు దగ్గర ఏం జరిగిందో మీ అన్నయ్యనే ఒకసారి కూర్చోబెట్టి అడిగితే బాగుంటుందేమో. ఆయన ఎలా ఉన్నారు?

ఉంటాను,
గస్ బ్రాండ్‌మయర్


లొరైన్
జూన్ 24

బ్రాండ్‌మయర్ గారికి,

వాతం వస్తే చెయ్యి వణుకుతుంది. ఎడమచెయ్యి కుడిచెయ్యి అయిపోదు. ఈ ముక్క ఏ కసాయివాడు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు, మీరు చెప్పినా నమ్మను. పైగా నేనడిగింది మీ భార్య సంగతి. మీరు ఆవిడ నవ్విందన్నారు గానీ, ఆవిడ సంతకం చెయ్యలేదని ఎక్కడా అనలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది.

అన్నయ్యని అడగమన్నారు. అడగలేను. టోపీ ఎత్తారన్నానే, ఆ ఆట అయిన రెండు నెలలకి వాణ్ణి సైన్యంలోకి పిలిచారు. 1953 మార్చిలో కొరియాలో చనిపోయాడు. వాడి ఉత్తరాలు పదకొండు వచ్చాయి. అమ్మ వాటిని ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టింది. అమ్మ పోయాక అవి నా దగ్గరికొచ్చాయి. ఇన్నేళ్ళలో ఆ డబ్బా మూత నేను తియ్యలేదు.

కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. ఈ రెండు సంతకాల్లో ఒకటి దొంగది. అది మీ ఇంట్లోంచి వచ్చిందే కావాలి నాకు. ఎందుకంటే రెండోది దొంగదైతే, ఆ గేటూ, ఆ మూడు గంటలూ, మీరన్న మాటా అన్నీ పోతాయి. అన్నయ్య నాకిచ్చినవాటిలో మిగిలింది అదొక్కటే.

నెలాఖరులోగా నిజం చెప్పండి. లేకపోతే మీ ఇంటి సంతకాల సంగతి కార్డులు సేకరించేవాళ్ళ పత్రికకి రాస్తాను. వాళ్ళు ఇలాంటివి సంతోషంగా వేసుకుంటారు.

ఇట్లు,
నార్బర్ట్ హ్లావటీ


డుబ్యూక్
జూన్ 29

ప్రియమైన హ్లావటీ గారికి,

మీరు గెలిచారు. కొత్త కార్డు మీద సంతకం వెర్నా చేసింది. తప్పు మాదే. దాన్ని చెత్తబుట్టలో పారెయ్యండి, పత్రికకి రాసుకుంటే రాసుకోండి.

మీ పాత కార్డే అసలైనది. దాని మీద ఇక ఏ అనుమానమూ పెట్టుకోకండి.

మీ అన్నయ్య సంగతి విని చాలా బాధపడ్డాను.

గస్ బ్రాండ్‌మయర్


లొరైన్
సెప్టెంబరు 19

ప్రియమైన గస్ గారికి,

పత్రికకి రాయలేదు. మొదట రాద్దామనే కూర్చున్నాను. థెరీసాతో, "చూశావా, ఒప్పుకున్నాడు" అని గొప్పలు కూడా పోయాను. ఆవిడ బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, "పాపం ముసలాయన! నీ పోరు పడలేక ఒప్పుకున్నాడేమో" అంది.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ముప్పై ఏళ్ళలో ఒక్క దెబ్బకే ఒప్పుకున్నవాణ్ణి నేను చూడలేదు. అందరూ ముందు త్రాసుని తిడతారు, తరవాత పనివాణ్ణి, ఆ తరవాత నన్ను. ఎవడైనా ఠక్కున "అవును, నేనే" అన్నాడంటే వెనక గదిలో ఇంకేదో దాస్తున్నాడని అర్థం. మీరు ఏం దాస్తున్నారు? నాకు జూలై అంతా సరిగ్గా తిండి సయించలేదు.

మీరు రాసిన రెండు ఉత్తరాలూ ముందు పెట్టుకున్నాను. అక్షరాలన్నీ ముందుకి వాలి ఉన్నాయి, సిరా ఎక్కడా చెదరలేదు. కొత్త కార్డు మీద సంతకం చేసిన చెయ్యీ అదే. అంటే ఉత్తరాలు కూడా మీ ఆవిడే రాస్తోందా? అలా అయితే "మా వెర్నా ఒకటే నవ్వు" అని వెర్నాయే రాసుకుందా? ఇది నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఆగస్టులో క్లీవ్‌లాండ్ లైబ్రరీకి వెళ్ళి ఫిల్ముకెక్కించిన పాత పత్రికలు తిరగేశాను. మూడో రోజున దొరికింది. 1950 ఫిబ్రవరిలో మీరు కొత్త ఒప్పందం మీద సంతకం చేస్తున్న ఫొటో. కలం కుడిచేతిలో ఉంది. బొమ్మ తిరగబడి అచ్చయిందేమోనని గోడ మీద క్యాలెండరు అంకెలు చూశాను. సరిగ్గానే ఉన్నాయి.

ఎడమచేత్తో బంతి విసిరేవాడు ఎడమచేత్తోనే రాస్తాడనుకున్నాను. ఈ తప్పు నాలాంటి అభిమానులే చేస్తారు. ఆట తెలియని వాడికైతే ఆ ఆలోచనే రాదు. మీ రోజుల్లో నన్‌ల బడిలో ఎడమచెయ్యి పలక మీద పడితే స్కేలుతో వేళ్ళు వాచేలా కొట్టేవాళ్ళని నాకు తెలియక కాదు. క్లెమ్‌నీ కొట్టారు. వాడే మొండివాడు, మారలేదు.

ఇంటికొచ్చి బిస్కెట్ల డబ్బా మూత తీశాను. మూత జారి కింద పడ్డ చప్పుడికి థెరీసా పరుగెత్తుకొచ్చింది. పదకొండు ఉత్తరాలు. ప్రతి పేజీలో అక్షరాలు వెనక్కి వాలి ఉన్నాయి, ప్రతి పంక్తి మీదా సిరా అలుక్కుపోయింది. కార్డుని పక్కన పెట్టాల్సిన పని కూడా లేకపోయింది.

మీరు మొదటి రోజునే కనిపెట్టారు. కనిపెట్టి, ముందు వాతమన్నారు. వాడు లేడని తెలిశాక, అబద్ధాలకోరు అనిపించుకోవడానికి కూడా సిద్ధపడ్డారు. మీ ఆవిడ మీద కూడా నింద వేయించారు. ఆవిడకి నా తరఫున క్షమాపణ చెప్పండి. మీకు ఎలా చెప్పుకోవాలో నాకు తెలియదు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ ఆదివారం గేటు దగ్గర వాడు మీకు కనబడ్డాడా? పొడుగ్గా, సన్నగా ఉంటాడు. ముందు పళ్ళ మధ్య సందు ఉంటుంది. వినడానికి బాగుండే మాట నాకక్కర్లేదు, నిజమే కావాలి.

కార్డు సంగతి. ఇన్నేళ్ళలో తప్పుడు తూకం ఒక్కటి కూడా వదిలిపెట్టలేదు. దీన్ని వదిలేస్తున్నాను. ఇది నా చొక్కా జేబులో ఉంది.

మీ,
నార్బర్ట్


డుబ్యూక్
సెప్టెంబరు 27, 1999

ప్రియమైన నార్బీకి,

మీ అన్నయ్య పిలిచినట్టే పిలుస్తున్నాను. వయసులో పెద్దవాణ్ణి, ఇక నువ్వు అనే రాస్తాను.

ముందు వెర్నా సంగతి. నీకు ఆ అబద్ధం రాసే ముందు దాన్ని అడిగాను. "నీ పేరు పాడవుతుందే" అన్నాను. "నా పేరుకేమయ్యా, ఎవరు చూడొచ్చారు? ఆ పిల్లాడి అన్నయ్యని మాత్రం వాడి దగ్గరే ఉండనీ" అంది. నీకు యాభై ఏడేళ్ళని చెప్పినా పిల్లాడనే అంటోంది.

నువ్వడిగినదానికి జవాబు. ఆ ఆదివారం తొమ్మిదో ఇన్నింగ్స్‌లో నేను విసిరిన బంతిని ఒకడు స్టాండ్సులోకి కొట్టాడు. ఓడిపోయాం. అది నాకు బాగా గుర్తుంది, ఆ బంతి ఎలా తిరిగిందో కూడా గుర్తుంది. గేటు దగ్గర పిల్లలు ఉండే ఉంటారు. ఎప్పుడూ ఉండేవాళ్ళు. ఆ ఏడాదంతా నేను తల వంచుకుని వాళ్ళ మధ్య నుంచి నేరుగా కారెక్కి వెళ్ళిపోయేవాణ్ణి. ఒక్కరికీ సంతకం పెట్టలేదు. పళ్ళ మధ్య సందున్న పొడుగాటి కుర్రాడు గుర్తున్నాడని రాయాలని నాకెంతో ఉంది. రాస్తే నువ్వు పట్టేస్తావు. గుర్తులేడు నార్బీ. మూడు గంటలు నా కోసం నిలబడ్డ మనిషి ముఖం నేను చూడలేదు.

నేను చెయ్యాల్సిన పని వాడు చేశాడు. నేను అనాల్సిన మాట కూడా వాడే అన్నాడు. నీ ఉత్తరం చదివినప్పుడు, అంత మంచి మాట నేను నిజంగానే అన్నానేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. అనలేదు. కానీ నలభై ఎనిమిదేళ్ళు నువ్వు నన్ను అలాంటి మనిషనుకున్నావంటే ఆ పుణ్యం క్లెమ్‌దే. టపాలో వచ్చే ప్రతి కార్డుకీ నేనే జవాబిస్తుండేది ఆ ఏడాది చేసిన పాపం పోగొట్టుకోవడానికే.

ఏప్రిల్లో టోపీ సంగతి మిగిలింది. చెమట తుడుచుకోవడానికి ఎత్తానని చెబుదామంటే, ఏప్రిల్లో క్లీవ్‌లాండ్‌లో ఎవడికీ చెమట పట్టదు. ఎందుకెత్తానో నాకు తెలియదు. దాన్ని నీ దగ్గరే ఉంచుకో, దాని మీద నాకు ఏ పేచీ లేదు.

ఇంకొక్క మాట. ఆరేళ్ళప్పుడు సిస్టర్ హిల్డెగార్డ్ నా వేళ్ళ మీద స్కేలు విరగ్గొట్టింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఎడమచేత్తో ఒక్క అక్షరం రాయలేదు. ఇప్పుడు కలం ఆ చేతిలోకి మార్చాను. నీ జిరాక్సు ఎదురుగా పెట్టుకుని, క్లెమ్ పెట్టినట్టే నా పేరు పెడుతున్నాను. పక్కన నిలబడి వెర్నా, "అబ్బ, చొక్కా చెయ్యంతా సిరా చేశావు" అని తిడుతోంది. అక్షరాలు అలుక్కుపోయాయి, ఏమీ అనుకోకు.

గస్ బ్రాండ్‌మయర్