నాలుగో కారణం

జూన్ 3

ఈరోజు డ్రాప్-డౌన్ మారింది.

జాబ్ షీట్‌లో 'ఫోన్ పాడవడానికి కారణం' అనే గడి ఉంటుంది. నిన్నటిదాకా దాన్ని నొక్కితే నాలుగు వచ్చేవి: కింద పడింది, తడిసింది, నకిలీ చార్జర్ వాడారు, తయారీ లోపం. ఇవాళ పొద్దున సిస్టమ్ ఆన్ చేస్తే మూడే ఉన్నాయి. నాలుగోది లేదు. గడి ఖాళీగా వదిలేస్తే షీట్ సేవ్ కాదు. ఎర్రగా మెరిసి 'దయచేసి ఒక కారణం ఎంచుకోండి' అంటుంది. దయచేసి అట.

ఈ సర్వీస్ సెంటర్‌లో పదకొండేళ్ళుగా ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఫోన్ విప్పడం, బాగుచేయడం, షీట్ నింపడం. సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా మాయమైతే ఎవరో మరిచిపోయారనుకోవడం నాకు అలవాటు. అందుకే మేనేజరుకి చెప్పాను. ఆయన్ని వెనకాల అందరం మెత్తనయ్య అంటాం. గొంతు పెంచడు, ఎవర్నీ కసరడు, కుర్చీ జరిపినా చప్పుడు కాదు. పైనుంచి వచ్చిన అప్‌డేట్ అమ్మా, ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నది పెట్టేసెయ్ అన్నాడు, మెత్తగానే.

ఈ ఏడాది వచ్చిన పల్చటి మోడల్‌లో బ్యాటరీలు ఉబ్బుతున్నాయి. వెనక మూత ఒక అంచున లేస్తుంది. విప్పితే గోళ్ళరంగు తుడిచే మందు లాంటి వాసన. పడిన గుర్తు ఉండదు, తడి ఉండదు, చార్జర్ మాదే. మరి దీనికి దగ్గరగా ఉన్నది ఏది?

ఇవాళ అలాంటివి మూడు వచ్చాయి. ఫోటో తీద్దామంటే మా ఫోన్లు గుమ్మం దగ్గర లాకర్‌లో పెట్టి రావాలి. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

జూన్ 4

మూడు.

జూన్ 5

రెండు. రెండింటికీ 'నకిలీ చార్జర్' పెట్టాను. ఒకాయన తన చార్జర్ సంచిలోంచి తీసి బల్లమీద పెట్టాడు. దానిమీద మా కంపెనీ బొమ్మే ఉంది. నేను చూడనట్టు తల దించుకున్నాను.

జూన్ 6, సాయంత్రం

చెల్లి నాతో మాట్లాడటం లేదు. దాని ఫోన్ లాక్కున్నాను.

అదీ ఆ మోడలే. పుట్టినరోజుకి నేనే ఇచ్చాను. బడిలో లెక్కలు చెబుతుంది, పొద్దస్తమానం ఫోన్‌లోనే పిల్లల పేపర్లు దిద్దుతుంది, పడుకుంటే దిండు కిందే పెట్టుకుంటుంది. ఇవాళ అది స్నానానికి వెళ్ళగానే తీసుకుని, చార్జ్ మొత్తం దింపేసి, ఇనప డబ్బాలో పెట్టి బాల్కనీలో ఉంచాను. దాని చేతిలో నా పాత ఫోన్ పెట్టాను. ఎందుకని అడిగితే చెప్పాను. అంత ప్రమాదమైతే మీవాళ్ళు అందరికీ ఎందుకు చెప్పడం లేదు అంది. కంపెనీ సంగతులు నీకు అర్థం కావులే అన్నాను.

నాకేదో అర్థమైనట్టు.

జూన్ 11

ఒక టైలరమ్మ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. మెడలో కొలత టేపు అలాగే ఉంది, తీయడం మరిచిపోయి వచ్చేసినట్టుంది. బడి పిల్లల యూనిఫాంలు కుడుతుందట. కొలతలన్నీ ఫోన్‌లోనే, ఆర్డర్లన్నీ ఫోన్‌లోనే. వెనక మూత వేలు దూరేంత లేచి ఉంది.

ఇదివరకైతే సంగతి వేరు. 'తయారీ లోపం' నొక్కగానే సిస్టమే ఆ ఫోన్‌ను ఆపేసేది. ఇసుక పెట్టెలో పెట్టి, మనిషికి వేరే ఫోన్ ఇచ్చి పంపేవాళ్ళం. మిగతా మూడింట్లో ఏది నొక్కినా వారంటీ వర్తించదు, ఫోన్ కస్టమర్‌కి తిరిగిచ్చేయాలి. కొత్త బ్యాటరీ కావాలంటే స్టాకు లేదు, మూడు వారాలు.

'కింద పడింది' నొక్కాను. షీట్ తిప్పి సంతకం పెట్టమన్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివింది.

"నా చేతిలోంచి సూది కూడా కింద పడదమ్మాయ్," అంది.

కోపంగా అనలేదు. తప్పు రాశావు, దిద్దుకో అన్నట్టుగా అంది. సిస్టమ్‌లో అంతకన్నా దగ్గరది లేదని చెప్పాను. మూడు వారాలు ఫోన్ ఇక్కడే వదిలి వెళ్ళండి అన్నాను, గట్టిగా కాదు. బడులు తెరుస్తున్నారు, ఇది లేకపోతే నాకు చేతులు లేనట్టే అంది. చార్జింగ్ కాస్త జాగ్రత్తగా పెట్టుకోండి అని చెప్పి ఇచ్చేశాను.

'ఉబ్బింది' అన్న మాట నా నోట రాలేదు. 'అంటుకోవచ్చు' అన్న మాట అసలే రాలేదు.

మొత్తం ఐదు.

జూన్ 12

నాలుగు.

జూన్ 17

ఆ మోడల్ ఫోన్లన్నింటికీ ఇవాళ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చింది. 'బ్యాటరీ పనితీరులో మెరుగుదలలు' అని ఒక్క లైను రాశారు. మధ్యాహ్నం నా బల్లమీద ఒక ఫోన్‌కి మీటరు తగిలించి చూశాను. లోపల ఎనభై శాతం నిండగానే చార్జ్ ఆగిపోతోంది. తెరమీద మాత్రం వంద చూపిస్తోంది.

అంటే వాళ్ళకు తెలుసు. జబ్బే లేదన్నవాళ్ళు మందు పంపారు. రోగికి చెప్పకుండా, అన్నంలో కలిపి.

కంపెనీలు మన ఫోన్లలోకి దొంగతనంగా దూరుతున్నాయని జనం గోల పెడుతుంటే ఇన్నాళ్ళూ నవ్వేదాన్ని, ఏమీ తెలియనివాళ్ళ భయాలని. అప్‌డేట్ చేసుకోండి, అదే భద్రత అని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఇవాళ మాత్రం చేసుకున్నవాళ్ళే నయం. చేసుకోనివాళ్ళకి ఆ మందు కూడా అందదు. ఎందుకు చేసుకోవాలో ఎవరూ చెప్పలేదు కదా.

జూన్ 19

టైలరమ్మ చెయ్యి కాలింది.

చెల్లి చూపించింది. పక్కవీధి మనిషెవరో వీడియో పెట్టాడు. గుడ్డలు కత్తిరించే బల్ల, మీద నల్లటి మచ్చ, సగం కాలిన తెల్లచొక్కాలు. ఫోన్ మోగిందట. ఎత్తబోయిందట. కుడిచెయ్యి. వీడియోలో ఆవిడ మెడలో టేపు చూసే గుర్తుపట్టాను.

కింద వందల కామెంట్లు. చార్జింగ్‌లో పెట్టి మాట్లాడేవాళ్ళకి ఇలాగే అవుతుందని ఒకడు. చవక చార్జర్ కొని కంపెనీని తిడతారని ఇంకొకడు. పాత బటన్ ఫోనే మేలని ఒకరు. నష్టపరిహారం కోసం నాటకమని ఒకరు. ఫోన్ల గురించి వీడియోలు చేసే ఒకాయన, చదువులేనివాళ్ళకి స్మార్ట్‌ఫోన్ ఇస్తే ఇంతే అన్నాడు. వాళ్ళలో ఒక్కడూ ఒక్క ఫోన్ కూడా విప్పి చూసినవాడు కాడు. ఏది కారణమో ఎంత ధీమాగా చెబుతున్నారో. వాళ్ళ దగ్గరా అవే మూడు కారణాలున్నాయి.

చెల్లికి జూన్ 11 సంగతి చెప్పాను. వీడియో ఆపేసింది. తర్వాత అంది:

"నాది లాక్కున్నావక్కా. ఆవిడది తిరిగిచ్చావు."

జూన్ 20

ఆస్పత్రికి వెళ్ళాను. వార్డు తలుపు దాకా. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెయ్యి దిండుమీద ఎత్తి పెట్టారు. నర్సు, మీరు ఏమవుతారు అని అడిగింది. ఏమీ కాను అని వచ్చేశాను.

జూన్ 21

రెండు వేళ్ళు ఇక మడతపడవట. బొటనవేలు, చూపుడువేలు. కత్తెర పట్టుకునేవి.

జూన్ 28

టైలరమ్మ వినియోగదారుల ఫోరంలో కేసు వేసింది. మెత్తనయ్య నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. కంపెనీ లాయరు ఫోన్‌లో ఉన్నాడు. జాబ్ షీట్ నేనే నింపాను, నా పరిశీలనలో కింద పడిన ఫోన్ అనిపించింది, ఈ రెండు ముక్కలు చెబితే చాలన్నాడు. అబద్ధమేమీ చెప్పమనడం లేదు, షీట్‌లో మీరు రాసిందే చెప్పమంటున్నాం అన్నాడు.

నిజమే. రాసింది నేనే. అబద్ధం ఎప్పుడో చెప్పేశాను, ఇక మిగిలింది చదవడమే.

బయటికి వస్తుంటే మెత్తనయ్య, శిక్షణ విభాగంలో ఒక పోస్టు ఖాళీ ఉందన్నాడు. కొత్తవాళ్ళకి షీట్లు నింపడం నేర్పాలట.

జూలై 2

టైలరమ్మ తరఫు లాయరమ్మ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆధారం అడిగింది. షీట్లు సిస్టమ్‌లో ఉన్నాయి, సిస్టమ్ వాళ్ళది. ఫోటోలు లేవు. తోటి టెక్నీషియన్లు ఇద్దర్ని అడిగితే, మాకు పిల్లలున్నారు అన్నారు. తేదీలతో సహా లెక్క ఉన్నది ఈ నోటుబుక్‌లోనే. జూన్ పేజీలు చింపి ఇస్తానన్నాను. చింపితే చెల్లదు, మొత్తం పుస్తకం ఇవ్వాలి, అవతలివాళ్ళూ చదువుతారు అంది. నా కోసం రాసుకున్నదండీ అన్నాను. అందుకే నమ్ముతారు అంది.

రేపు ఇస్తున్నాను.

నవంబర్ 19

పుస్తకం తిరిగొచ్చింది. ప్రతి పేజీ మూలన నీలం ముద్ర, పక్కన ఎవరిదో పొట్టి సంతకం. 'మూడు' అని ఒక్క మాట ఉన్న పేజీకి కూడా ముద్ర కొట్టారు.

జూలైలో పుస్తకం ఇచ్చిన వారానికే నన్ను సస్పెండ్ చేశారు. విచారణ మొన్న జరిగింది. చిన్న హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్యాను చప్పుడు. టైలరమ్మ ముందు వరసలో, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పైన ఎడమచెయ్యి కప్పుకుని కూర్చుంది. నావైపు చూడలేదు.

కారణాల గడిలో మూడే ఉండేవని చెప్పాను. కంపెనీ లాయరు లాప్‌టాప్ తెరిచి జాబ్ షీట్ చూపించాడు. నాలుగున్నాయి. 'తయారీ లోపం' బుద్ధిగా చివరన కూర్చుని ఉంది. అది మొదటినుంచీ ఉందని అఫిడవిట్ ఇచ్చారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న సుఖమే అది. కాగితం మీద చెరిపితే మచ్చైనా మిగులుతుంది.

తర్వాత ఈ పుస్తకం తీశాడు. చదవడం బాగా వచ్చినవాడు. 'మెత్తనయ్య' అన్నచోటల్లా కాస్త ఆగాడు. జనం నవ్వారు. మెత్తనయ్య వెనక వరసలోనే ఉన్నాడు, తన బూట్లు చూసుకుంటున్నాడు. నాకు జాలేసింది. అప్పుడు లాయరు జూన్ 6 పేజీ తిప్పాడు.

"మీ చెల్లెలి ఫోన్ తీసేసుకుంది ఆరో తారీఖు. ఈవిడ ఫోన్ తిరిగిచ్చింది పదకొండో తారీఖు. ప్రమాదమని మీకు అప్పటికే తెలుసు. అవునా, కాదా?"

అవునన్నాను.

"మరి ఎవరికైనా చెప్పారా?"

"మా చెల్లికి చెప్పాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. చెల్లి ఆ హాల్లోనే ఉంది, నా చూపు అటే వెళ్ళింది. టైలరమ్మ అప్పుడు తలెత్తి, నన్ను కాదు, దాన్ని చూసింది. దాని రెండు చేతుల్నీ చూసింది.

జనవరి 23

తీర్పు వచ్చింది. టైలరమ్మకి పరిహారం ఇవ్వమన్నారు. కారణం: సర్వీస్ సెంటర్ సిబ్బంది నిర్లక్ష్యం. మోడల్ మొత్తంలో లోపం ఉందని ఒక ఉద్యోగి సొంత డైరీ ఆధారంగా తేల్చలేమని రాశారు. సిబ్బంది అంటే నేను. పేరుతో సహా ఉంది. ఉద్యోగం అధికారికంగా పోయింది.

జనవరి 30

'మీ భద్రతే మా మొదటి మాట' అంటూ కంపెనీ ప్రకటన ఇచ్చింది. ఆ మోడల్ ఉన్నవాళ్ళెవరైనా వచ్చి బ్యాటరీ ఉచితంగా మార్చుకోవచ్చట. లోపం ఉందని మాత్రం ఎక్కడా లేదు. కింద కామెంట్లు చదివాను. కంపెనీ అంటే ఇలా ఉండాలి అంటున్నారు. ఫోన్ల వీడియోలాయన చప్పట్లు కొట్టాడు.

ఎన్నో ఇళ్ళలో ఆ బ్యాటరీలు మారతాయి. సంతోషించాలి. ప్రయత్నిస్తున్నాను.

ఫిబ్రవరి 4

టైలరమ్మ దుకాణానికి వెళ్ళాను. వెళ్ళమని ఎవరూ అనలేదు. ఎడమచేత్తో కత్తిరించడం నేర్చుకుంటోంది. గుడ్డ జరిగిపోతోంది, గీత వంకర పోతోంది. ఏదో అనబోయి ఏడ్చేశాను.

"ఏడిస్తే బయటికెళ్ళి ఏడువు. గుడ్డమీద మరకలు పడతాయి."

కళ్ళు తుడుచుకుని నిలబడ్డాను. కాసేపటికి బల్ల అవతలివైపు చూపించింది.

"మన్నించాననుకోకు. గుడ్డ కదలకుండా పట్టుకునే మనిషి కావాలి నాకు. అంతే."

పట్టుకున్నాను. సాయంత్రం దాకా ఆవిడ అన్నవి నాలుగే మాటలు. లాగు, వదులు, ఇటు, ఆపు.

ఫిబ్రవరి 9

మళ్ళీ వెళ్ళాను.

ఫిబ్రవరి 26

ఇవాళ ఒక కాలరు దగ్గర నన్ను చేతులు తీసెయ్యమంది. గుడ్డమీద బరువుకి ఇస్త్రీపెట్టె పెట్టుకుని, ఎడమచేత్తో తనే కత్తిరించింది. తిన్నగా వచ్చింది. తీసిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాను.