నాన్న ఆగే చోటు

అన్నయ్యకు నమస్కారం. ఇక్కడ నాన్న, నేను క్షేమం. నువ్వూ వదినా కూడా క్షేమమే అనుకుంటాను. మర్యాదకు రాయాల్సింది రాసేశాను. ఇక నా కోపం చదువు.

నాన్న మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లు దిగుతున్నారు, ఎక్కడానికి నా భుజం కావాలి. చేతి వణుకు పెరిగింది. వయొలిన్లు బాగుచేసే బల్ల దగ్గర కూర్చుంటారు గానీ, తీగలు బిగించడం నా వంతే. ఆయన బాణీలన్నిటికీ స్వరాలు రాసి నువ్వు అచ్చు వేయించిన పుస్తకం చూసి ఏమన్నారనీ అడిగావు. చెబుతాను.

మొన్న ఆదివారం, నా దగ్గర వయొలిన్ నేర్చుకునే బ్యాంకు ఉద్యోగిని ఆ పుస్తకం కొనుక్కొచ్చి, ఎదురుగా పెట్టుకుని మొదటి బాణీ వాయించింది. అమ్మ చనిపోయిన ఏడాది నాన్న కట్టినది. ఎక్కడా తడబడలేదు. నాన్న చివరిదాకా విని, "బాగుందమ్మా, ఎవరిదీ బాణీ?" అన్నారు.

ఆవిడ నా మొహం చూసింది. నేను తల వంచుకుని తీగలు తుడుస్తూ కూర్చున్నాను.

మూడో వరుసలో నాన్న ఆగుతారు కదా. ఊపిరి తీసుకుని, కాస్త ఆలస్యంగా కిందికి జారతారు. నీ పుస్తకంలో ఆ ఆగడం లేదు, జారడం లేదు. తాళం తప్పిందని సరిచేశావా? ఎవరడిగారు నిన్ను? నేను వాయించి చూపిస్తే ఆవిడ మెల్లిగా, "పుస్తకంలో అలా లేదండీ" అంది. ఒళ్లు మండిపోయింది. మన నాన్న బాణీని ఇన్నేళ్లూ నేనే తప్పు వాయిస్తున్నానన్నమాట.

మూడు రోజులు నిన్ను తిట్టుకుంటూ తిరిగాను. తిట్టినంతసేపూ ఒక సంగతి అడ్డం వస్తూనే ఉంది. అచ్చుకు ముందు ఆ కాగితాలు నాకు పంపి, తప్పులుంటే దిద్దమన్నావు. 'అన్నీ సరిగ్గా ఉన్నాయి' అని రాశాను. అన్నయ్యా, నాకు స్వరాలు చదవడం రాదు. నువ్వు సంగీత కళాశాలకు వెళ్లావు, నేను నాన్న పక్కన కూర్చుని విని నేర్చుకున్నాను. రాదని చెప్పడానికి నామోషీ వేసి, రెండు రోజులు అట్టేపెట్టి తిప్పి పంపేశాను.

కాబట్టి సగం తప్పు నాది. సగమే. మిగతాది నేను మొయ్యను.

నిన్న నాన్నకు అంతా చెప్పేశాను. చేతిలో ఉన్న వయొలిన్ బల్ల మీద పెట్టారు. తర్వాత, "వాణ్ణి రమ్మను. చెయ్యి పోయింది గానీ గొంతు ఉందిగా. నేను పాడతాను, నువ్వు వాయించు, వాడు రాస్తాడు" అన్నారు.

వచ్చే వారమే రా. పని ఉందని సాకులు రాయకు. నాన్న పాడింది పాడినట్టే రాయాలి. రాస్తూ నాకు చదవడం కూడా నేర్పు, ఈసారి అచ్చుకు ముందు నేను నిజంగానే దిద్దుతాను. నేర్పేటప్పుడు నవ్వావంటే మాత్రం ఊరుకోను.

ఇట్లు,
ఇంకా కోపం చల్లారని
నీ చెల్లెలు