రెండు డబ్బాల ఇల్లు

జూన్ 3, మంగళవారం

ఇవాళ మళ్ళీ తెగింది. మీటింగు మధ్యలో.

నా పని ఇది. ఎక్కడో ఒక గదిలో మనుషులు మాట్లాడుకుంటుంటే, ఇక్కడ హెడ్‌ఫోన్స్‌లో విని, విన్నది విన్నట్టు టైప్ చేయాలి. ఆ గదిలో చెవులు వినపడని ఒకావిడ ఉంటుంది. నా అక్షరాలు ఆవిడ స్క్రీన్ మీద పడతాయి. నీళ్ళ పైపులైన్లకి డిజైన్లు గీసే ఇంజినీరు. పేరు ఇక్కడ రాయను, ఇంజినీరమ్మ అంటే చాలు.

నెట్ తెగితే నాకు మాట తెగుతుంది. నాకు తెగితే ఆవిడకి గదంతా మూగబోతుంది. ఇవాళ లైను మళ్ళీ కలిసేసరికి వాళ్ళు వేరే విషయంలోకి వెళ్ళిపోయారు. మధ్యలో ఏం తేల్చారో నాకు తెలీదు, ఆవిడకీ తెలీదు.

సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. వచ్చే వారం గురువారం ఇంజినీరమ్మ తన డిజైన్‌ని పై అధికారుల ముందు పెట్టి ఒప్పించుకోవాలట. ఆ రోజు తెగితే ఆవిడకి టైప్ చేసే పని నా నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చేస్తారట. తప్పదండీ అన్నాడు. అతని చోట ఉంటే నేనూ అదే అనేదాన్ని.

మోడెమ్ కింద ఉంటుంది, బావగారి కుర్చీ పక్కన స్టూలు మీద. మా ఆయన అన్నగారూ, ఆయన భార్య అక్కా కింద. మా ఆయన, నేను పైన. ఇల్లు ఒకటే, వంట ఒకటే, నెట్ ఒకటే. సిగ్నల్‌కి మాత్రం మెట్లెక్కేసరికి ఆయాసం వస్తుంది.

పై అంతస్తుకి వేరే రౌటరు కొన్నాం.

జూన్ 4, బుధవారం

మా ఆయన ప్రెస్సు నుంచి తొందరగా వచ్చాడు. కింది మోడెమ్ నుంచి మెట్ల రెయిలింగు వెంబడి వైరు లాగి పైన రౌటరుకి పెట్టాం. నారింజ లైటు. ఎంతసేపు చూసినా నారింజ లైటే. నేను మాన్యువల్ చదివాను. మా ఆయన పుస్తకాల బైండరు, మాన్యువల్‌ని చదవడు. తిరగేసి చూసి, గమ్ సరిగ్గా పెట్టలేదు, ఏడాదిలో ఊడిపోతుంది అన్నాడు.

చివరికి తేలింది. రెండు డబ్బాలూ తమ అడ్రసు ఒకటే అనుకుంటున్నాయి. రెండిళ్ళకి ఒకే డోర్ నంబరుంటే పోస్టుమ్యాన్ ఏం చేస్తాడు, వీధి చివర కూర్చుని ఏడుస్తాడు అన్నాడు మా ఆయన. మా డబ్బాకి నంబరు మార్చాం. లైటు పచ్చబడింది.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. కొత్త వైఫైకి ఏం పేరు పెట్టాలి? పాతదానికి బావగారు మా ఇంటిపేరే పెట్టారు. మా ఆయన ఏదో టైప్ చేయబోతే నేనే ఆపాను. రేపు కింద వాళ్ళ ఫోన్లలో ఇంటిపేరు పక్కన ఇంకో పేరు కనపడుతుంది. వేరు కాపురం పెట్టినట్టు ఉండదూ? ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఎవరి నోటా రాని మాట అది. నెట్ కోసం అనిపించుకోవడమా?

మా ఆయన తల గోక్కుని, నిజమే, అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టేస్తే కాకికి కూడా తెలీదు అన్నాడు.

పెట్టేశాం. ఎవరి మనసూ నొప్పించకుండా పని కానిచ్చామని ఇద్దరం చాలా సంతోషించాం.

జూన్ 6, శుక్రవారం

మర్యాద కొంప ముంచింది.

నిన్న చిన్న మీటింగు. అయినా మునుపటికన్నా ఎక్కువసార్లు తెగింది. అక్క ఫోన్‌లో మాట్లాడుతూ మెట్లెక్కితే సగం మెట్ల దగ్గర కాల్ పోతోందట. ప్రింటరు పొద్దున కనపడుతుంది, మధ్యాహ్నం కనపడదు. బావగారు ఇదంతా మోడెమ్‌కి దుమ్ము పట్టడం వల్లేనని దాన్ని గుడ్డతో తుడిచి, తిరగేసి దులిపి, మళ్ళీ స్టూలు మీద పెట్టారు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఓపిగ్గా విన్నది. రెండిటికీ ఒకటే పేరు పెట్టారా అని అడిగింది. అవునన్నాను. ఎందుకండీ అంది. ఏం చెప్పను? మా ఇంట్లో అలా అయితేనే బాగుంటుందన్నాను. తర్వాత చెప్పింది. పేరు ఒకటే కాబట్టి ఏది పైదో ఏది కిందిదో ఫోన్లకి తెలియట్లేదట. అటూ ఇటూ దూకుతూ తెగిపోతున్నాయట. నా లాప్‌టాప్ అయితే పక్కనే ఉన్న కొత్త రౌటరుని వదిలేసి, పాత అలవాటుకొద్దీ కిందిదాన్నే పట్టుకుని వేలాడుతోంది. నా పనిలో ఒక్క అక్షరం కూడా కొత్త డబ్బా గుండా వెళ్ళలేదన్నమాట.

లాప్‌టాప్‌ని వైరుతో రౌటరుకే కట్టేశాను. సాయంత్రం ప్రాక్టీసు చేస్తే బాగానే ఉంది. కింద బావగారు వీడియో పెట్టేదాకా. పెట్టగానే నా చెవిలో మాట ముద్దముద్ద అయిపోయింది.

మళ్ళీ ఫోన్. ఈసారి ఒకాయన. పెద్దమనిషి, నాన్చలేదు. ఇంట్లో ఇద్దరు యజమానులు ఉన్నారమ్మా అన్నాడు. ఎవరికి వాళ్ళు అడ్రసులు పంచుతున్నారు, ఒకరి మాట ఒకరు వినరు. ఒకరు తగ్గాలి. మీ రౌటరు తగ్గితే నెట్ వస్తుంది గానీ, మీ పనిని అందరికన్నా ముందు పంపే సెట్టింగు పనిచేయదు. అది కావాలంటే కింది మోడెమే తగ్గాలి. బ్రిడ్జ్ మోడ్ అంటారు. అది ఊరికే దారి ఇస్తుంది, అంతే. కింద వాళ్ళకి కూడా వైఫై మీ రౌటరు నుంచే వస్తుంది. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, అది చెప్తే ఇప్పుడే చేసేస్తాం.

కనెక్షన్ బావగారి పేరు మీద ఉంది. మళ్ళీ చేస్తానని పెట్టేశాను.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. కత్తులైతే నయం. ఏది బయట పెట్టినా దానికి బాధ ఉండదు.

జూన్ 7, శనివారం

అడుగుదామని రెండుసార్లు కిందికి వెళ్ళాను. రెండుసార్లూ టీ తాగి వచ్చాను.

జూన్ 8, ఆదివారం

మా ఆయన వాళ్ళ అన్నయ్య దగ్గర మాట కదిపాడు. ఇన్నాళ్ళు నడిచిన డబ్బాకి ఇప్పుడేం రోగమొచ్చింది, ఒకసారి రీస్టార్ట్ చేస్తే సరి అన్నారట బావగారు. లేచి రీస్టార్ట్ చేశారట. కూర్చుని పేపరు తీశారట. మా ఆయన పైకొచ్చేశాడు.

మధ్యాహ్నం అక్క బట్టలు తీయడానికి డాబా మీదకి వచ్చింది. దుప్పటి చెరో కొసా పట్టుకుని మడత పెడుతుంటే తనే ఎత్తింది. బావగారు గోడౌన్‌లో స్టోర్‌కీపరుగా ఉన్నప్పుడు తాళాలన్నీ ఆయన నడుముకే ఉండేవి. అది కావాలి ఇది కావాలి అని పొద్దస్తమానం జనం. గోడౌన్ మూసేశారు. ఇప్పుడు ఆయన్ని ఎవరైనా ఏదైనా అడిగారంటే అది వైఫై పాస్‌వర్డే. చుట్టాలొచ్చి అడిగినప్పుడు ఆ మొహం చూడవే, మా పెళ్ళి ఫోటోలో కూడా అంత వెలుగు లేదు అంది. నేనూ చూశాను. ఒక్కో అక్షరం విడివిడిగా చెప్తారు, రాసుకున్నారా అని అడుగుతారు. నేనూ మా ఆయనా పైకొచ్చి నవ్వుకునేవాళ్ళం కూడా.

తర్వాత అక్క గొంతు తగ్గించింది. అలాగని నీ ఉద్యోగం కన్నా డబ్బా ఎక్కువా పిల్లా, రేపు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్ మంచం మీదే ఉంటుంది, ఆ నంబరేదో నేను చదువుతాను, నువ్వు వాళ్ళకి చెప్పెయ్ అంది. లైట్లు వెలుగుతూ ఉంటే ఆయనకి ఏడాదికి గానీ తెలీదట.

సరే అనలేదు. వద్దనీ అనలేదు. దుప్పటి తీసుకుని వచ్చాను.

అదే రోజు, సాయంత్రం

అక్క చెప్పినట్టు చేస్తే గురువారం గట్టెక్కుతుంది. పాత పేరు, పాత పాస్‌వర్డే ఉంచొచ్చు. చుట్టాలు అడుగుతూనే ఉంటారు. బావగారు చెప్తూనే ఉంటారు. ఆయన చెప్పేది నా డబ్బా పాస్‌వర్డని అక్కకీ నాకూ మా ఆయనకీ తెలుసు. ఆయనకి తప్ప.

గదిలో కూర్చున్న మనిషికి తెలీకుండా గదిలో ఏదీ జరిగిపోకూడదు. నాకు జీతం ఇచ్చేదే అందుకు. ఆ పని పైన చేస్తూ, కింద దానికి తిరగబడిన పని చేయలేను.

జూన్ 9, సోమవారం

సూపర్‌వైజరుని అడిగి ఒక ట్రయల్ పెట్టించాను. క్లయింటు ఉండదు. అతను ఏదో చదువుతాడు, నేను టైప్ చేస్తాను, ఇంకొకరు శబ్దం లేకుండా ఫోన్‌లో నా అక్షరాలు చదివి ఎలా ఉందో చెప్పాలి. మా బావగారు చదువుతారన్నాను. ఆయనకి వినపడదా అని అడిగాడు. వినపడుతుంది, వినరు అన్నాను.

బావగారిని, నా టైపింగులో తప్పులు పట్టిపెడతారా అని అడిగాను. తప్పులు పట్టడం అనేసరికి వెంటనే కళ్ళజోడు తుడుచుకున్నారు. కింద ఆయన కుర్చీలోనే కూర్చున్నారు.

సూపర్‌వైజరు ఎంచుకున్నది ఒక ఉత్తుత్తి తగాదా. పక్కపక్క ఇళ్ళవాళ్ళు, మధ్యలో కొత్త గోడ. గోడ కట్టించింది నువ్వంటే నువ్వని ఇద్దరూ పంచాయితీకి ఎక్కారు. ఒకడు పిల్లల మీద ఒట్టేశాడు. రెండోవాడికి పిల్లల్లేరు, స్కూటరు మీద ఒట్టేశాడు. చివరికి మేస్త్రీని పిలిచారు. మేస్త్రీ లేచి గొంతు సవరించుకుని, ఆ గోడ నన్ను కట్టమన్నది

అక్కడ తెగింది. అక్క వంటగదిలో సరిగ్గా అప్పుడే ఏదో వీడియో పెట్టిందట. తెలిసే పెట్టిందా అని నేను అడగలేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. మోకాళ్ళ నొప్పులని బావగారు పైకి రావడం మానేశారు. ఇవాళ వచ్చారు. గుమ్మంలో నిలబడి రొప్పుతూ, ఎవరు కట్టమన్నారు అని అడిగారు.

నాకు తెలీదు బావగారూ, నాకూ వినపడలేదు అన్నాను.

అదేంటి, నువ్వు వింటున్నావుగా అన్నారు. హెడ్‌ఫోన్స్ తీసి ఆయన చేతికిచ్చాను. పెట్టుకున్నారు. గరగర. లైను కలిసేసరికి పంచాయితీ అయిపోయింది, అందరూ లేచి వెళ్ళిపోతున్నారు. ఆయన నా వైపు చూశారు. మళ్ళీ చెప్పమను అన్నారు. సూపర్‌వైజరునైతే అడగొచ్చు, పెద్దవాళ్ళ మీటింగులో ఇంజినీరమ్మ అందర్నీ ఆపి మళ్ళీ చెప్పండి, మళ్ళీ చెప్పండి అని ఎన్నిసార్లు అడుగుతుంది బావగారూ అన్నాను.

ఆయన మంచం అంచున కూర్చున్నారు. అప్పుడు అడిగాను. గురువారం సంగతి, ఓటీపీ ఎందుకో, కింది మోడెమ్ ఏం మానేస్తుందో, వైఫై ఇక ఎక్కణ్ణుంచి వస్తుందో, ఏదీ దాచకుండా చెప్పాను. స్నానం సంగతి చెప్పలేదు. అది అక్కది, నాది కాదు.

అయితే కిందిది ఇక దేనికీ అక్కర్లేదా అన్నారు. అది లేకపోతే బయటి నుంచి ఏదీ లోపలికి రాదు, కాకపోతే ఇక ఎవరూ దాన్ని ఏమీ అడగరు అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

చూద్దాం అని లేచారు. మెట్ల మధ్యలో ఆగి, ఆ మేస్త్రీ సంగతి కనుక్కో అమ్మాయ్ అన్నారు.

జూన్ 10, మంగళవారం

కనుక్కున్నాను. ఇద్దరూ కట్టమన్నారట. ఎవరికి వాళ్ళు, రెండోవాడికి చెప్పొద్దని. మేస్త్రీ ఇద్దరి దగ్గరా కూలి తీసుకున్నాడు. బావగారు కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు. నవ్వు ఆగాక, ఫోన్ కలుపు అన్నారు.

కస్టమర్ కేర్‌తో ఆయనే మాట్లాడారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ. ఓటీపీ ఒక్కో అంకె విడివిడిగా చెప్పి, రాసుకున్నారా అని అడిగారు. లైనుకి యూజర్‌నేమూ పాస్‌వర్డూ వాళ్ళు చెప్తుంటే ఆయన పైకి చదివారు, నేను రౌటరులో కొట్టాను. స్టూలు మీది మోడెమ్‌లో వైఫై లైటు ఒక్కటి ఆరింది. మిగతావి వెలుగుతున్నాయి. బావగారు వంగి చూశారు. కొంచెం ఎక్కువసేపే చూశారు.

రౌటరుని మెట్ల మలుపులో గూట్లో పెట్టాం, రెండంతస్తులకీ అందేలా. పేరు పాతదే ఉంచేదా అని అడిగాను. వద్దన్నారు. పాత పేరుంటే పొద్దున్నే లేచి పాతదాన్నే రీస్టార్ట్ చేస్తాను, అదేమో పలకదు అన్నారు. కొత్త పేరంటే ఎవరైనా వేరు అనుకుంటారేమో అని నసిగాను. అనుకోనీ, మనమేం గోడ కట్టట్లేదుగా అన్నారు.

అక్క వంటగదిలోంచే, అయితే నా పేరు పెట్టండి, ఈ ఇంట్లో నా పేరు మీద గ్యాసు బండ కూడా లేదు అంది.

అదే పెట్టాం.

జూన్ 12, గురువారం

లైను నిలబడింది. మొదటి నుంచి చివరిదాకా. మధ్యలో అక్క కావాలని వీడియో పెట్టి చూసిందట, రెండోది కూడా పెట్టిందట. నాకు ఒక్క మాట పోలేదు.

మీటింగులో విన్నవి రాయకూడదు. ఒక్కటి రాస్తాను, అది మాట కాదు కాబట్టి. ఎవరో జోకు వేశారు, నేను కొట్టాను, ఇంజినీరమ్మ అందరితోపాటే నవ్వింది.

సాయంత్రం సూపర్‌వైజరు మెసేజ్. వచ్చే వారం కూడా మీరే అని.

జూన్ 15, ఆదివారం

బావగారు కింద నుంచి పిలుస్తున్నారు. నెట్ రావట్లేదట. పైన వస్తోంది. కిందా వస్తోంది, అక్క వీడియో ఇక్కడికి వినపడుతోంది. పాస్‌వర్డ్ అడగడానికి ఈ వారం చుట్టాలెవరూ రాలేదు.

వెళ్తున్నాను.