నిమ్మపాకం

శుక్రవారం రాత్రి, యాన్బు, సౌదీ

ప్లాంటులోని ఫిలిప్పీన్స్ వాళ్లతో ఈరోజు మా ఆయనకు బేస్‌బాల్ ఆట. ఈయన విసిరిన బంతి గాలిలో తేలుతూ వెళ్లి, చివర్లో పిట్టలా పక్కకు వాలేది. ఎవరి బ్యాటుకూ తగల్లేదు. చూస్తూ ఎక్కడికో వెళ్లిపోయాను.

ఇంటికొచ్చాక చేయి పట్టుకుంటే ఈయన వేళ్లు అతుక్కున్నాయి. నిమ్మకాయ వాసన. పక్కింటి అరబ్బు అక్క నేర్పితే, కాళ్ల మీది నూగు తీసుకోవడానికి నేను కాచి దాచుకున్న పంచదార పాకం! సిగ్గుతో చచ్చిపోయాను.

“బంతి జారకుండా, బాగా పక్కకు వాలాలని పూసుకుంటి మే. అట్ల పూసుకోగూడదు, అంపైర్ చూస్తే టీమ్‌లోంచి తీసేస్తారు,” అని నవ్వారు. “వచ్చే శుక్రవారం ఫైనల్. ఇంకొంచెం కాచిపెట్టు.”

తలూపాను. తర్వాత మిగిలిన పాకం పారబోసి, డబ్బా కడిగి బోర్లించాను. కళ్లు మూస్తే ఆ బంతి ఇంకా వాలుతూనే ఉంది. వాలకపోయినా నేను అలాగే చూస్తానని ఈయనతో ఎలా చెప్పాలో...