నిద్రగారికి బహువచనమా?

సోమవారం
నేటి నుండి కార్యాలయంలో ఎవరి వాక్యాన్నీ దిద్దను. ఇది ప్రతిజ్ఞ!
కారణం మేనకోడలు. బడిలో తెలుగు పంతులుగా పదవీ విరమణ చేసిన నన్ను తన ప్రకటనల కార్యాలయంలో రచనా విభాగానికి పెద్దగా కూర్చోబెట్టింది ఆమే. నిన్న ముఖం మీదే అడిగేసింది: "మావయ్యా, నువ్వొచ్చాక ఒక్కరూ కొత్త ముక్క రాయట్లేదు. శనివారం దిండ్ల కంపెనీ ఆయన వస్తాడు. ఆ పని పోయిందంటే ఆఫీసు మూసుకోవడమే. నీ ఎర్ర పెన్ను ఆపుతావా, లేదా?"
ఆపాను. పెన్ను సొరుగులో. సొరుగుకు తాళం.
నాయకుడు నీడనివ్వాలి గాని నీడ కారాదు. (స్వంత వాక్యం. బాగుంది!)

మంగళవారం
అద్భుతం! అందరూ నోరు విప్పారు. "మెత్తటి దిండు, మత్తు నిండు" అన్నాడొకడు. అన్వయం కుదరలేదు. చిరునవ్వు నవ్వాను. దవడ నొప్పి.

బుధవారం
బొమ్మలు వేసే ఆయన "నిర్ధిష్టం" అన్నాడు. అందులో "ధ" లేదు, "ద" యేనని చెప్పాను. అది దిద్దుట కాదు. ప్రతిజ్ఞలో "వాక్యం" అని ఉంది. "పదం" అని లేదు.
సాయంత్రం: గోడబల్లపై "స్వేచ్ఛగా ఆలోచించుటకు పది నియమాలు" రాశాను. ఎవరూ స్వేచ్ఛగా ఆలోచించలేదు. ఆరవ నియమం చదవలేదేమో.

గురువారం
రింగులజుట్టు అమ్మాయి, మా విభాగంలో అందరికన్నా చురుకైనది, లేచి నిలబడింది.
"మాస్టారూ, ఒకటి తట్టింది! 'నిద్రగారొచ్చారు, కాస్త జరగండి!'"
గది గొల్లుమంది. నేను ఊపిరి బిగబట్టాను. ఎంతసేపని?
"అమ్మాయీ, నిద్ర అమహద్వాచకం. అంటే మనిషి కాదు. దానికి 'గారు' ఏమిటి, 'వచ్చారు' ఏమిటి?"
"మరి ఏమనాలండీ?"
"'నిద్ర వచ్చినది. దయచేసి జరుగుడు.'"
అలాగే రాసుకుంది. వెనుక నుండి ఎవరో గొణిగారు: "నిజంగానే వచ్చినది."

శుక్రవారం
అందరూ నా వంక చూస్తారు, రాస్తారు, వాళ్లే కొట్టేస్తారు. ఇక నా పెన్నుతో పనేమి?
తలుపు చాటున మేనకోడలు ముక్కు తుడుచుకుంటోంది. జలుబనుకున్నాను. కాదు.

శనివారం
దిండ్ల ఆయన నా వాక్యం చదివి ఆవలించాడు. "ఇది దిండుకా, డిక్టేషన్‌కా? ఇంకేం లేవా?"
రింగులజుట్టు తల దించుకుంది. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. నేను మేనకోడలి ముఖం చూశాను. లేచాను. నిండు సభలో, నా నోటితో: "నిద్రగారొచ్చారు, కాస్త జరగండి!"
ఆయన పగలబడి నవ్వాడు. "ఇదీ మాటంటే! ఎవరిదండీ?"
"ఈ అమ్మాయిది. ఇందాకటిది నాది."
పని మాకే!
అమ్మాయికి ఊపొచ్చింది. "దుప్పటికి కూడా ఉందండీ! 'చలిగారూ, మీరు బయటే కూర్చోండి!'"
"సంబోధనలో..." అన్నాను. మేనకోడలు బల్ల కింద నా కాలు తొక్కింది.

ఆదివారం
కాలు వాచింది. రేపటి నుండి ప్రతిజ్ఞ మళ్లీ మొదలు. వాక్యం, పదం, సంబోధన: మూడూ చేర్చాను. ఇక ఎవరేమన్నా "భేష్" అనుటయే. అద్దం ముందు సాధన చేశాను. మొదటిసారి భకారం సరిగా పలకలేదు.
దిద్దుకున్నాను.