ఆకు చేతికొచ్చేదాకా

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్నే పక్కింటి సూరమ్మ వచ్చింది.

"వదినగారూ, మా అత్తగారికీ మద్రాసులో కేన్సరని రొమ్ము తీసేరండి. కరెంటు పెట్టిన చోట ఒకటే మంటంటున్నారు. మీ అక్కగారికి రాసిన ఆకేదో కాస్త కోసిపెడతారాండి?"

కాదనలేక కాలవగట్టుకు వెళ్లాను. మన ఊరి నాటువైద్యుడుగారు పెట్టిన నియమం నీకు తెలుసు. గుంటగలగరాకు చేతికొచ్చేదాకా నోరు విప్పకూడదు, ఎవరు పిలిచినా పలకకూడదు. పలికితే మందు పనిచెయ్యదు. ఆ పసరు రాస్తే చల్లగా ఉందనేదానివి. అందుకే నేను ఒక్కరోజూ నియమం తప్పలేదు.

తెలిసి కూడా, ఆ చివరి రోజు నేను గుమ్మం దాటుతుంటే రెండుసార్లు "చెల్లీ" అని పిలిచావు. విన్నాను. వెనక్కి తిరగలేదు. ఆకుతో వచ్చేసరికి నువ్వు లేవు.

ఈరోజు గట్టు మీద వంగి ఆకు మీద చెయ్యి వెయ్యబోతుంటే, వెనకనుంచి అదే పిలుపు.

"ఆయ్, వస్తున్నానక్కా" అన్నాను.

పలికాక ఆ ఆకు ఎందుకూ పనికిరాదు. వట్టి చేతులతో వచ్చి, సూరమ్మకి దొరకలేదని చెప్పాను. రేపు మళ్లీ వెళ్లాలి. వాళ్లత్తగారు మంటతో ఏడుస్తున్నారట.

రేపు పిలవకక్కా. పిలిస్తే మళ్లీ పలుకుతాను.